సాగే లోహాల్లో డ్రిల్లింగ్: ఏ పనికి ఏ బిట్ ఎంచుకోవాలి?

మైల్డ్ స్టీల్, స్టెయిన్‌లెస్ స్టీల్, అల్యూమినియం, రాగి వంటి సాగే లోహాల్లో రంధ్రాలు వేయడానికి బిట్లు కొనబోయేవారికి దుకాణంలో ముందుగా కనిపించేవి రంగులే: నల్లనిది, తెల్లగా మెరిసేది, బంగారు పూత ఉన్నది, ఊదా ఛాయ కలిసిన నల్లపూత ఉన్నది. ధర కూడా చాలావరకు ఈ రంగుల వెంటే పెరుగుతూ పోతుంది కనుక, ఖరీదైన పూత ఉన్న బిట్ ఏ లోహంలోనైనా మంచి రంధ్రం వేస్తుందనీ, ఎక్కువ కాలం మన్నుతుందనీ అనుకోవడం సహజం. సాగే లోహాల విషయంలో ఈ లెక్క తరచుగా తప్పుతుంది. యంత్రం ఎంత బిగువుగా ఉందన్నది మొదట చూడాలి. బిట్ కొన, గాడుల ఆకృతి ఆ తరువాత. బిట్‌ను దేనితో చేశారన్నది దాని తరువాత. పూత అన్నిటికన్నా చివర. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఉండే చిన్న వర్క్‌షాపులను, అంటే ఒక పిల్లర్ డ్రిల్, ఒక రేడియల్ డ్రిల్, వీలైతే ఒక వీఎంసీ (కంప్యూటర్ అదుపులో నడిచే నిలువు సీఎన్‌సీ యంత్రం) ఉన్న షెడ్డును దృష్టిలో పెట్టుకొని ఈ పోలిక రాస్తున్నాను.

సాగే గుణంతో వచ్చే చిక్కు

పోత ఇనుమును తొలిచినప్పుడు లోహం పొడిపొడిగా రాలుతుంది. అక్కడ బిట్‌ను అరగదీసేది ప్రధానంగా రాపిడి. సాగే లోహం అలా విరగదు. అది కోత అంచు ముందు నలిగి, వంగి, పొడవైన చిప్‌గా మారి గాడి వెంట పైకి పాకుతుంది. వేడి, ఒత్తిడి కలిసినప్పుడు ఆ లోహంలో కొంత భాగం అంచు మీదే అతుక్కొని ముద్దగా పేరుకుంటుంది. మెత్తని బెల్లాన్ని కోసినప్పుడు కత్తి అంచుకు పేరుకున్నట్లే ఇదీ జరుగుతుంది. యంత్రశాలల్లో బిల్టప్ ఎడ్జ్ అని పిలిచేది దీన్నే. ఆ ముద్ద ఉన్నంతసేపు కోసేది బిట్ అంచు కాదు, ముద్దే. అందువల్ల రంధ్రం కొలత మారుతుంది, గోడ చిరిగినట్లు గరుకుగా వస్తుంది. ముద్ద ఊడినప్పుడు తనతోపాటు బిట్ అంచు రేణువులను కూడా లాక్కుపోతుంది. అంటే రంధ్రం నాణ్యత చెడడం, బిట్ అరగడం అనేవి రెండు వేర్వేరు సమస్యలు కావు. చాలా సందర్భాల్లో రెండింటికీ కారణం ఒక్కటే, రెండూ ఒకేసారి బయటపడతాయి.

బిట్‌లో ఏ భాగం ముందు అరుగుతుందో తెలిస్తే ఎంపిక సులభమవుతుంది. బయటి మూల అత్యధిక వేగంతో తిరుగుతుంది కనుక వేడి ఎక్కువైనప్పుడు ముందు పోయేది ఆ మూలే. మూల గుండ్రబడిన బిట్ రంధ్రం గోడను కోయకుండా రుద్దుతుంది. ఇందుకు పూర్తిగా భిన్నంగా, కొన నడిమధ్యన రెండు కోత అంచులను కలిపే చిన్న గీత, అంటే చీజల్ ఎడ్జ్, దగ్గర వేగం దాదాపు సున్నా. అక్కడ లోహం కోతపడదు, పక్కకు నెట్టబడుతుంది. బిట్‌ను కిందికి నొక్కడానికి కావలసిన బలంలో దాదాపు సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఈ చిన్న గీత కోసమే ఖర్చవుతుంది. బిట్ మొదట్లో పక్కకు జారడానికీ, రంధ్రం గుర్తు నుంచి తొలగిపోవడానికీ మూలం కూడా ఇదే.

రంధ్రం ఎంత కచ్చితంగా ఉండాలి?

ఈ ప్రశ్నకు జవాబు రాసుకోకుండా బిట్ కొనడం డబ్బు వృథా. రంధ్రం కొలతలో అనుమతించే తేడాను హెచ్ తరగతులతో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ కచ్చితత్వం పెరుగుతుంది. 10 మి.మీ. వ్యాసానికి అంతర్జాతీయ ప్రమాణాల్లో హెచ్12 అంటే 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) వెసులుబాటు, హెచ్9 అంటే 36 మైక్రాన్లు, హెచ్7 అంటే 15 మైక్రాన్లు మాత్రమే. మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్, అంటే హెచ్ఎస్ఎస్ బిట్, పిల్లర్ డ్రిల్‌పై వేసే రంధ్రం తన వ్యాసంకన్నా కొన్ని పదుల మైక్రాన్ల నుంచి 100 మైక్రాన్ల పైదాకా పెద్దదవుతుంది. కనుక దాని నుంచి హెచ్11, హెచ్12 స్థాయిని ఆశించవచ్చు. మంచి సాలిడ్ కార్బైడ్ బిట్ (పూర్తిగా టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసినది), బిగువైన స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ యంత్రంపై హెచ్9 దాకా, పరిస్థితులు అనుకూలిస్తే హెచ్8 దాకా చేరుతుంది. హెచ్7 కావాలంటే ఏ బిట్ మీదా ఆధారపడకుండా రీమర్ (తొలిచిన రంధ్రాన్ని సన్నగా గీసి కొలతకు తెచ్చే పనిముట్టు) వేయడమే మార్గం.

బోల్టు దూరే రంధ్రానికి కార్బైడ్ అవసరం లేదు. రెండు భాగాలను కచ్చితంగా ఒకే చోట నిలిపే డోవెల్ పిన్ కూర్చునే రంధ్రానికి ఎంత ఖరీదైన బిట్ కొన్నా పిల్లర్ డ్రిల్‌పై పని జరగదు, అక్కడ 9.7 లేదా 9.8 మి.మీ. హెచ్ఎస్ఎస్ బిట్‌తో తొలిచి 10 మి.మీ. రీమర్ వేయడం చవక, నమ్మకం కూడా. ఈ మధ్య స్థాయిలో, అంటే హెచ్9 దగ్గర కొలత కావలసి, రంధ్రాలు వందల సంఖ్యలో ఉన్నప్పుడు మాత్రమే కార్బైడ్ బిట్ ఒక పనిని, అంటే రీమింగ్‌ను, తగ్గించి తన ధరను తిరిగి రాబడుతుంది.

ట్యాపింగ్ చేయవలసిన, అంటే లోపల మర కోయవలసిన, రంధ్రాల్లో ఒక మెలిక ఉంది. ఎం8 మరకు సాధారణంగా 6.8 మి.మీ. బిట్ వాడతాము. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ట్యాప్ విరుగుతుందన్న భయంతో చాలామంది 6.9 మి.మీ. వాడతారు, అది మంచి అలవాటే. అయితే 6హెచ్ టాలరెన్స్ (మరలో అనుమతించే తేడా) ప్రకారం ఆ మర లోపలి వ్యాసం 6.912 మి.మీ. దాటకూడదు. అంటే 6.9 బిట్ తన కొలతకన్నా 12 మైక్రాన్లకు మించి పెద్ద రంధ్రం వేస్తే భాగం కాగితం ప్రకారం తిరస్కరణకు గురవుతుంది. పదును సమంగా లేని హెచ్ఎస్ఎస్ బిట్ ఈ గీతను సులభంగా దాటేస్తుంది. తనిఖీ కచ్చితంగా ఉండే పనుల్లో కొలత నిలిపే బిట్‌తో 6.8 మి.మీ. తొలచడమే క్షేమం.

స్టెయిన్‌లెస్ స్టీల్: కోబాల్ట్ బిట్టా, కార్బైడా?

బిట్ ఎంపిక అసలు పరీక్షకు నిలిచేది ఇక్కడే. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు 16 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. మైల్డ్ స్టీల్‌కు అది 50 దగ్గర. కోతలో పుట్టిన వేడి లోహంలోకి పోవడానికి దారి లేక అంచు దగ్గరే నిలిచిపోతుంది. దీనికి తోడు ఈ ఉక్కు నలిగిన చోటల్లా గట్టిపడుతుంది. బిట్ ఒక్క క్షణం కోయకుండా రుద్దినా అడుగున గట్టి పొర ఏర్పడుతుంది, తరువాతి చుట్టులో అంచు కోయవలసింది ఆ గట్టి పొరనే. మన బజారులో విరివిగా దొరికే 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. అది 304 కన్నా ఇంకా ఎక్కువగా గట్టిపడుతుంది. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, మామూలు స్థితిలో రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. నిన్నటిదాకా బాగా పనిచేసిన బిట్ కొత్త లోడు మీద హఠాత్తుగా కాలిపోతే, బిట్‌ను అనుమానించే ముందు లోహాన్ని అనుమానించాలి.

మామూలు హెచ్ఎస్ఎస్ అయిన ఎం2 రకం బిట్ ఈ లోహంలో కొన్ని రంధ్రాలు వేయగలదు, కాని 118 డిగ్రీల మామూలు కొన, పొడవైన చీజల్ ఎడ్జ్ ఉన్న బిట్ మొదట జారుతుంది, జారినప్పుడు రుద్దుతుంది, రుద్దిన చోటు గట్టిపడుతుంది. అందువల్ల స్టెయిన్‌లెస్‌కు నా మొదటి సలహా కోబాల్ట్ కన్నా ముందు కొన గురించే: 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ ఉన్న బిట్ తీసుకోవాలి. స్ప్లిట్ చేసినప్పుడు చీజల్ ఎడ్జ్ కుదించుకుపోయి మధ్యలో కూడా కోసే అంచులు ఏర్పడతాయి, నొక్కే బలం తగ్గుతుంది, బిట్ ఉన్నచోటే పట్టుకుంటుంది. ఆ తరువాత బిట్ చేసిన లోహం: ఎం35 రకంలో సుమారు 5 శాతం, ఎం42 రకంలో సుమారు 8 శాతం కోబాల్ట్ ఉంటుంది. కోబాల్ట్ బిట్‌కు ఇచ్చే మేలు వేడిలో కూడా గట్టిదనాన్ని నిలుపుకోవడం. ఎం42 మరింత గట్టిది కాని మరింత పెళుసు. చేతి డ్రిల్‌లో పక్కకు ఒరిగితే సులభంగా విరుగుతుంది. పిల్లర్ డ్రిల్ ఉన్న షెడ్డుకు ఎం35 చాలు. పైన కోబాల్ట్ రంగు పూసినట్లు కనిపించే చవక బిట్లూ బజారులో ఉన్నాయి. కోబాల్ట్ ఉక్కులో కలిసి ఉండేదే తప్ప పూత కాదని కొనేవారు గుర్తుంచుకోవాలి.

వేగం విషయంలో కోబాల్ట్ బిట్‌కు నిమిషానికి 10 నుంచి 15 మీటర్ల కోత వేగం సరిపోతుంది. 12 మీటర్లు అనుకుంటే 10 మి.మీ. బిట్‌కు నిమిషానికి 380 చుట్లు, 20 మి.మీ. బిట్‌కు 190 చుట్లు. చిన్న బెంచ్ డ్రిల్‌లలో చాలావాటికి ఇంత తక్కువ వేగమే ఉండదు. స్టెయిన్‌లెస్‌లో బిట్లు కాలిపోవడానికి బిట్ల నాసిరకంకన్నా ఇది పెద్ద కారణం. వేగం ఎంత సున్నితమైన విషయమో కోత వేగానికీ బిట్ ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టే టేలర్ సూత్రం చెబుతుంది. హెచ్ఎస్ఎస్‌కు అందులోని ఘాతాంకం 0.125 దగ్గర ఉంటుంది కనుక, వేగం 10 శాతం పెంచితే బిట్ ఆయుష్షు సగంకన్నా తగ్గిపోతుంది, 20 శాతం పెంచితే పావుకన్నా తక్కువకు పడిపోతుంది. కార్బైడ్‌కు ఆ ఘాతాంకం 0.25 ప్రాంతంలో ఉండడం వల్ల అదే 20 శాతం పెరుగుదలకు ఆయుష్షు సుమారు సగమే అవుతుంది. అంటే కార్బైడ్ వేగంగా కోయడమే కాక, వేగంలో జరిగే పొరపాట్లను కొంత భరిస్తుంది కూడా.

భరించనిది వణుకును. సాలిడ్ కార్బైడ్ బిట్ కొన ఊగిసలాట 20 మైక్రాన్ల లోపు ఉండాలని పట్టుబట్టాలి. అంతకు మించితే ఒక అంచుపై భారం పెరిగి మూల చిట్లుతుంది. తాళంతో బిగించే మామూలు డ్రిల్ చక్ ఆ హామీ ఇవ్వదు. బిట్‌ను చుట్టూ సమంగా బిగించే ఈఆర్ కోలెట్ గాని, హైడ్రాలిక్ హోల్డర్ గాని కావాలి. చేతి డ్రిల్‌లోనూ, బేరింగ్ వదులైన పిల్లర్ డ్రిల్‌లోనూ కార్బైడ్ పెట్టడమంటే దాన్ని విరగ్గొట్టుకోవడమే. వీఎంసీ ఉండి, స్పిండిల్ గుండా కూలెంట్ వచ్చే ఏర్పాటు కూడా ఉంటే చిత్రం పూర్తిగా మారుతుంది. 10 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. లోతు రంధ్రాన్ని చుట్టుకు 0.12 మి.మీ. ఫీడ్‌తో, అంటే బిట్ ఒక్కో చుట్టుకు అంత కిందికి దిగేలా, తొలిస్తే, కొన పొడవుతో కలిపి, కోబాల్ట్ బిట్‌కు సుమారు 30 సెకన్లు పడుతుంది. నిమిషానికి 50 మీటర్ల వేగంతో తిరిగే కార్బైడ్‌కు 7 సెకన్లు చాలు. రంధ్రాలు పది అయితే ఈ తేడాకు విలువ లేదు. నెలకు వేలల్లో ఉంటే మిగిలే యంత్ర సమయం విలువే కార్బైడ్ ధరను మింగేస్తుంది.

ఏ బిట్ వాడినా ఫీడ్ ఆపకూడదు. భయంతో మెల్లగా నొక్కడమే స్టెయిన్‌లెస్‌లో అసలు ప్రమాదం, ఎందుకంటే అంచు ముందున్న గట్టి పొర కిందికి దిగి కోయాలంటే చాలినంత ఫీడ్ ఉండాలి. మాటిమాటికీ బిట్‌ను పైకి లాగే పద్ధతి కూడా ఇక్కడ అంత మంచిది కాదు. లోతు వ్యాసానికి మూడు రెట్లు దాటినప్పుడే అవసరమవుతుంది, అప్పుడు కూడా అడుగున తచ్చాడకుండా గబుక్కున దిగాలి.

అల్యూమినియం: గట్టిదనం కాదు, నునుపు

అల్యూమినియం మెత్తనిది కనుక ఏ బిట్ అయినా సరిపోతుందనే మాట ఆయుష్షు వరకు కొంత నిజం, నాణ్యత వరకు అబద్ధం. ఇందులో బిట్ అరగడం తక్కువ, అంటుకోవడం ఎక్కువ. గాడి ఒకసారి అల్యూమినియంతో పూడుకుపోతే ఆ బిట్ రంధ్రాన్ని తొలచదు, అంటుకున్న ముద్దతో కెలుకుతుంది. రంధ్రం పెద్దదై గోడ మీద చారలు పడతాయి, చివరికి బిట్ విరుగుతుంది. కనుక కావలసింది విశాలమైన, నునుపుగా మెరుగుపెట్టిన గాడులు, 35 నుంచి 40 డిగ్రీల హెలిక్స్ కోణం, అంటే గాడి మెలిక వాలు. దుకాణాల్లో డబ్ల్యూ రకం అని అడిగితే ఇచ్చేది ఇదే. మామూలు ఎన్ రకానికి హెలిక్స్ 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. లోతైన రంధ్రాలకు పారాబోలిక్ గాడి ఉన్న బిట్ ఇంకా మేలు, ఎందుకంటే ఆ గాడిలో చిప్‌కు చోటు ఎక్కువ.

పూత విషయంలో జాగ్రత్త పడవలసింది ముఖ్యంగా ఈ లోహంలోనే. ఉక్కుకు ఎంతో మేలు చేసే టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత, అంటే ఊదా ఛాయ కలిసిన ఆ నల్లపూత, అల్యూమినియంకు నప్పదు. లోహం దానికి ఇంకా ఎక్కువగా అంటుకుంటుంది. పూత లేని, మెరుగుపెట్టిన హెచ్ఎస్ఎస్ బిట్ సగం ధరకే అంతకన్నా మంచి రంధ్రం వేస్తుంది. ఉత్పత్తి పెద్దదైతే జిర్కోనియం నైట్రైడ్, టైటానియం డైబోరైడ్, వజ్రంలాంటి కార్బన్ పూతలు అల్యూమినియం కోసమే ఉన్నాయి. చిన్న షెడ్డులో కిరోసిన్ చుక్కలు వేస్తూ తొలిచే పాత అలవాటు అంటుకోకుండా ఆపడంలో నిజంగానే పనిచేస్తుంది. అయితే మంటలకు అవకాశం ఉన్న చోట నీటిలో కలిసే నూనే మంచిది. వేగం నిమిషానికి 60 మీటర్లు, ఇంకా పైకి పోవచ్చు, 10 మి.మీ. బిట్‌కు అది 1900 చుట్లు.

సిలికాన్ ఎక్కువగా ఉన్న పోత అల్యూమినియం వేరే సంగతి. దానిలోని సిలికాన్ రేణువులు అంచును రాపిడితో తినేస్తాయి, అక్కడ కార్బైడ్ తీసుకోవడంలో తప్పులేదు.

మైల్డ్ స్టీల్, రాగి, ఇత్తడి

మైల్డ్ స్టీల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గ్రైండింగ్ చేసి తయారుచేసిన ఎం2 హెచ్ఎస్ఎస్ బిట్, 118 డిగ్రీల కొన, నిమిషానికి 25 మీటర్ల వేగం, అంటే 10 మి.మీ. బిట్‌కు 800 చుట్లు, చుట్టుకు 0.2 మి.మీ. ఫీడ్, ఇంతతో చాలా పనులు జరిగిపోతాయి. రోలింగ్ పద్ధతిలో చేసిన చవక నల్లబిట్లలో గాడులు, వెబ్ (గాడుల మధ్య మిగిలే నడిమి మందం) అంత సమంగా ఉండవు కనుక రంధ్రం వంకర పోవచ్చు. అయితే నల్లగా ఉన్నదల్లా చవకది కాదు. గ్రైండ్ చేసిన మంచి బిట్లకు కూడా ఆవిరితో నల్లని ఆక్సైడ్ పొర ఎక్కిస్తారు, అది మైల్డ్ స్టీల్ అంటుకోకుండా చూస్తుంది. ఈ లోహంలో టైటానియం నైట్రైడ్ బంగారు పూత తన ధరకు తగిన ఆయుష్షు ఇస్తుంది. చిప్ రంగును గమనిస్తే చాలు: హెచ్ఎస్ఎస్ బిట్ నుంచి వచ్చే చిప్ నీలంగా మారిందంటే వేగం ఎక్కువైనట్లే.

స్వచ్ఛమైన రాగి అల్యూమినియంకన్నా జిగటైనది. దానికి కూడా డబ్ల్యూ రకం బిట్, చాలా పదునైన అంచు కావాలి. గంధకం కలిసిన కటింగ్ ఆయిల్ వాడితే రాగి నల్లబారుతుంది కనుక బస్‌బార్ పనుల్లో దాన్ని దూరంగా ఉంచాలి. సీసం కలిసిన ఇత్తడి ఇందుకు భిన్నంగా పెళుసుగా తెగుతుంది. నిటారైన గాడి గల బిట్ దానికి నప్పుతుంది. మామూలు బిట్ ఇత్తడిలోకి తనంతట తాను దూసుకుపోయి పనిముక్కను తిప్పేస్తుంది. మరో బిట్ లేనప్పుడు నూనెరాయితో అంచు ముందరి వాలును కొద్దిగా చదును చేస్తే ఆ దూకుడు తగ్గుతుంది.

రేకులు, పెద్ద రంధ్రాలు

రేకు మందం బిట్ కొన పొడవుకన్నా తక్కువైతే, బిట్ పూర్తి వ్యాసం లోహంలోకి దిగకముందే కొన అవతలికి దూరిపోతుంది. ఇక దాన్ని నడిమధ్యన నిలిపే ఆధారం ఉండదు కనుక రంధ్రం మూడు మూలలుగా తయారవుతుంది, వెనుక పెద్ద బర్రు (రంధ్రం అంచున పొడుచుకువచ్చే లోహం) లేస్తుంది. ఇక్కడ కోబాల్ట్, కార్బైడ్ అన్న చర్చే అనవసరం. మెట్లుమెట్లుగా వెడల్పయ్యే స్టెప్ డ్రిల్ తీసుకోవాలి, లేదా రేకును రెండు చెక్కల మధ్య బిగించి తొలచాలి. మందమైన ప్లేట్లలో కూడా వెనుక ఆనింపు పెట్టి, బయటపడే ముందు ఫీడ్ తగ్గిస్తే బర్రు చిన్నదవుతుంది, స్టెయిన్‌లెస్‌లో మాత్రం ఫీడ్‌ను రుద్దే స్థాయికి తేకూడదు. అదే బిట్, అదే ఫీడ్ ఉండగా బర్రు రోజురోజుకూ పెరుగుతోందంటే మూలలు అరిగాయని అర్థం. గేజి పెట్టకుండానే పదును సంగతి తెలిసే గుర్తు ఇది.

20 మి.మీ. దాటిన రంధ్రాలకు టేపర్ షాంక్ బిట్, యాన్యులర్ కట్టర్, ఇన్సర్ట్‌లు బిగించే యూ డ్రిల్ మధ్య ఎంచుకోవాలి. యాన్యులర్ కట్టర్ చుట్టూ ఉన్న వలయాన్ని మాత్రమే కోస్తుంది కనుక తక్కువ శక్తితో, తక్కువ వేడితో పని చేస్తుంది, చీజల్ ఎడ్జ్ గొడవే ఉండదు; ఫ్యాబ్రికేషన్ పనులకు అదే నా మొదటి ఎంపిక. అయితే దాన్ని తిప్పే మాగ్నెటిక్ డ్రిల్ స్టాండ్ 304 స్టెయిన్‌లెస్‌కు గాని, అల్యూమినియంకు గాని అంటుకోదు; కింద ఇనుప ప్లేటు బిగించడానికి వీలుందో లేదో కొనే ముందే చూసుకోవాలి. లేత్ గాని, వీఎంసీ గాని ఉండి, దానికి ఒత్తిడితో వచ్చే కూలెంట్ కూడా ఉంటే తప్ప యూ డ్రిల్ మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది.

ధర లెక్క, తిరిగి పదును పెట్టడం

బిట్ల ధరలను పోల్చేటప్పుడు అట్టపెట్టె మీది ధరను కాక రంధ్రానికి పడే ఖర్చును లెక్క వేయాలి. బిట్ ధరకు, దాని జీవితకాలంలో పెట్టించే పదునుల ఖర్చు కలిపి, అది మొత్తం వేసే రంధ్రాల సంఖ్యతో భాగించి, దానికి ఒక్కో రంధ్రానికి పట్టే యంత్ర సమయం ఖరీదును కలపాలి. చెడిపోయిన భాగాల విలువ కూడా ఇందులోనే చేరాలి. పూర్తయిన భాగంలో చివరి రంధ్రం దగ్గర బిట్ విరిగితే పోయేది బిట్ ఒక్కటే కాదు. అందుకే కీలకమైన పనుల్లో అంచు పార్శ్వం అరుగుదల 0.3 మి.మీ. చేరేదాకా ఆగకుండా, నిర్ణీత సంఖ్యలో రంధ్రాలు కాగానే బిట్ మార్చడం లాభసాటి.

పదును పెట్టే సౌకర్యం ఎంపికనే మార్చేస్తుంది. 118 డిగ్రీల హెచ్ఎస్ఎస్ బిట్‌ను అనుభవం ఉన్న ఫిట్టర్ బెంచ్ గ్రైండర్ మీదే సరిచేయగలడు, రెండు అంచుల పొడవూ కోణమూ సమంగా ఉన్నాయో లేదో గేజితో చూస్తే చాలు. అంచులు సమంగా లేకపోతే రెండు గాడుల్లోంచి వచ్చే చిప్‌లు ఒకేలా ఉండవు, రంధ్రం పెద్దదవుతుంది. స్ప్లిట్ పాయింట్‌ను చేత్తో తిరిగి తీయడం చాలా కష్టం, సాలిడ్ కార్బైడ్‌కు వజ్రపు చక్రమూ, టూల్ గ్రైండింగ్ యంత్రమూ ఉన్న చోటికి పంపించాలి. బంగారు పూత బిట్‌కు పదును పెట్టినప్పుడు కొన వెనుకభాగంలో పూత పోతుంది కాని గాడిలో నిలుస్తుంది, కనుక చిప్ అంటుకోకుండా ఆపే గుణం కొంత మిగులుతుంది. దగ్గరలో అలాంటి గ్రైండింగ్ సౌకర్యం లేని షెడ్డు, స్టెయిన్‌లెస్ పని నెలకు కొద్దిగానే ఉన్నప్పుడు, ఎం35 స్ప్లిట్ పాయింట్ బిట్లను తాను ఎక్కువగా వాడే నాలుగైదు కొలతల్లోనే డజన్ల లెక్కన కొని, మైల్డ్ స్టీల్‌కు గ్రైండ్ చేసిన మామూలు హెచ్ఎస్ఎస్ పెట్టెను వేరుగా ఉంచుకుంటే సరిపోతుంది. స్టెయిన్‌లెస్‌లో మొండిబారిన బిట్లను 118 డిగ్రీలకు మార్చి మైల్డ్ స్టీల్ పెట్టెలో వేసుకోవచ్చు.